డాక్టర్ డ్రే ‘ది క్రానిక్’ (1992): ముప్పై ఏళ్లు దాటినా ఆ శబ్దం ఎందుకు పాతబడలేదు?

#1 వినికిడి_వీధి

ఒక్క ప్రశ్న. 1992 డిసెంబర్ 15న విడుదలైన ‘ది క్రానిక్’ని ఇవాళ మంచి హెడ్‌ఫోన్స్‌లో పెడితే నిన్నో మొన్నో మిక్స్ చేసినట్టుంటుంది. దానికి అటూ ఇటూ వచ్చిన ర్యాప్ ఆల్బమ్‌లు చాలావాటికి మాత్రం ఆ కాలం వాసన పట్టేసింది. తేడా ఎక్కడుంది? ‘క్లాసిక్ కాబట్టి’ అనే జవాబు వద్దు. ఏ వాద్యం, ఏ పద్ధతి, ఏ నిర్ణయం అని చెప్పగలిగినవాళ్లు రాయండి.

కొత్తవాళ్ల కోసం కొంచెం నేపథ్యం. ఎన్.డబ్ల్యు.ఎ. అనే ర్యాప్ బృందం నుంచీ, దాని రికార్డు కంపెనీ రూత్‌లెస్ నుంచీ బయటికి వచ్చాక ర్యాపర్, నిర్మాత డ్రే చేసిన మొదటి సోలో ఆల్బమ్ ఇది. డెత్ రో అనే రికార్డు కంపెనీది, పంపిణీ ఇంటర్‌స్కోప్ చూసుకుంది. 16 ట్రాకులు, 62 నిమిషాల పైచిలుకు. అమెరికా ఆల్బమ్‌ల జాబితా బిల్‌బోర్డ్ 200లో 3వ స్థానం దాకా వెళ్లింది. 1993 చివరికల్లా అమెరికాలో ట్రిపుల్ ప్లాటినం, అంటే 30 లక్షల కాపీలు. ‘నథిన్ బట్ ఎ జీ థాంగ్’ పాటల జాబితా హాట్ 100లో 2వ స్థానం, ‘లెట్ మీ రైడ్’కి 1994లో గ్రామీ. 2020లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దీన్ని జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేర్చింది.

అమ్మకాలూ అవార్డులూ అంతవరకే. ఇక శబ్దం సంగతి చెప్పండి.

#2 మూగ్_తంత్రి

మొదట ఎవరి చెవికైనా తగిలేది పైన తేలే ఆ సన్నని కూత. ఈలలా ఉంటుంది గానీ ఈల కాదు. మన సంగీతం విన్నవాళ్లకు ఒక్క మాట చాలు: జారు. స్వరం నుంచి స్వరానికి మెట్టు ఎక్కినట్టు కాకుండా, వీణ తంత్రి మీద వేలు జారినట్టు వెళ్తుంది. సింథ్ (సింథసైజర్) భాషలో దాన్ని పోర్టమెంటో అనో గ్లైడ్ అనో అంటారు. 1970లో వచ్చిన మినీమూగ్ అనే సింథ్‌లో దానికోసం ఒక గుండీయే ఉంది.

ఆ కూత డ్రే కనిపెట్టింది కాదు. ఒహాయో ప్లేయర్స్ బృందం పాట ‘ఫంకీ వర్మ్’లో జూనీ మారిసన్ ఆర్ప్ సింథ్ మీద అలాగే వాయించాడు. 1973లో అది పెద్ద హిట్. పార్లమెంట్-ఫంకడెలిక్ అనే ఫంక్ (తాళం, బాస్ ముందుండే నృత్యసంగీతం) బృందంలో బెర్నీ వొరెల్ మినీమూగ్‌తో ఏం చేశాడో ‘ఫ్లాష్ లైట్’ బాస్ వింటే తెలుస్తుంది. డ్రే కూడా 1991 ఎన్.డబ్ల్యు.ఎ. ఆల్బమ్‌లోని ‘ఆల్వేజ్ ఇంటూ సంథిన్’లో ఈ దారి తొక్కేశాడు. ‘క్రానిక్’లో చేసిందల్లా ఆ కూతకి చుట్టూ చోటు ఇవ్వడం. అసలు పని అదే.

‘జీ థాంగ్’ మళ్లీ పెట్టి ఒక్కో పొరా లెక్కపెట్టండి. డ్రమ్స్, బాస్, చిన్న గిటార్ తునక, పైన సింథ్, మధ్యలో గొంతు. ఒక క్షణంలో ఇంతకు మించి మోగేది దాదాపు ఏమీ ఉండదు. అదే కాలంలో తూర్పు తీరంలో, అంతకు ముందు ఎన్.డబ్ల్యు.ఎ.లోనే, నాలుగైదు రికార్డుల ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చేవాళ్లు. సైరన్లు, అరుపులు, గీకుళ్లు, అన్నీ ఒకేసారి. ఆ గందరగోళానికి తనదైన అందం ఉంది, కాదనను. కానీ ఆ శబ్దం దాని కాలానికి కట్టుబడిపోయింది. ఖాళీకి కాలం అంటదు.

#3 కొత్త_చెవి

మూగ్_తంత్రి గారూ, ఆ కూతని ఫ్రీ సింథ్ ప్లగిన్‌లో (కంప్యూటర్‌లో నడిచే సింథ్) చేయాలంటే అంకెలతో చెప్పగలరా? గ్లైడ్ ఎంత పెట్టినా బొమ్మ తుపాకీ శబ్దంలా వస్తుంది.

#4 మూగ్_తంత్రి

తుపాకీలా వస్తోందంటే రెండు కారణాలు ఉంటాయి. గ్లైడ్ మరీ ఎక్కువైనా కావచ్చు, స్వరాల మధ్య దూరం ఎక్కువైనా కావచ్చు. ముందు ప్లగిన్‌ని మోనోలో, అంటే ఒకసారికి ఒక స్వరమే పలికేలా పెట్టండి. పాలీలో, అంటే ఒకేసారి చాలా స్వరాలు పలికేలా ఉంటే చాలా ప్లగిన్లలో జారు పలకదు, పలికినా రెండు స్వరాలు కలిసి గజిబిజి అవుతాయి.

ఆసిలేటర్ ఒక్కటి చాలు, సా-టూత్ తరంగం. ఇంకా మెత్తగా కావాలంటే ట్రయాంగిల్. రెండో ఆసిలేటర్ కలిపితే 4 నుంచి 6 సెంట్లు (సెంటు అంటే సెమీటోన్‌లో నూరో వంతు) మాత్రమే పక్కకి తిప్పండి, అంతకు మించితే ట్రాన్స్ పాటలా అయిపోతుంది. లో-పాస్ ఫిల్టర్‌ని 3 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి చెవితో సర్దండి, రెజొనెన్స్ దాదాపు సున్నా. అటాక్ 5-10 మిల్లీసెకన్లు, సస్టెయిన్ పూర్తిగా, రిలీజ్ 120 దగ్గర. గ్లైడ్ 60 నుంచి 100 మిల్లీసెకన్ల మధ్య. వైబ్రాటో సెకనుకు 5-6 ఊపులు, లోతు 10-15 సెంట్లు, అదీ స్వరం నిలిచాక 300 మిల్లీసెకన్లు ఆగి మొదలవ్వాలి. మొదటి నుంచీ ఊగితే హార్మోనియం రీడు వదులైనట్టు ఉంటుంది.

వాయించే తీరు ఇంకా ముఖ్యం. మధ్య ‘సి’కి పైన ఒకటి రెండు అష్టకాల్లో ఉండండి. వేలు ఎత్తకుండా తర్వాతి మీట నొక్కాలి. జారేది ఎక్కువగా రెండు మూడు స్వరాల దూరమే ఉండాలి, అష్టకం మొత్తం జారితే అది హాస్యం పాట అవుతుంది. కొన్ని ప్లగిన్లలో గ్లైడ్ ‘స్థిర వేగం’ మీద ఉంటుంది, అప్పుడు దూరం పెరిగేకొద్దీ జారు కూడా సాగుతుంది. దాన్ని ‘స్థిర సమయం’కి మార్చండి. మీ తుపాకీ చాలామటుకు అక్కడే పోతుంది.

చివరగా 300 హెర్ట్జ్ కింద కోసేయండి, గొంతు కంటే ఒక మెట్టు తగ్గించి పెట్టండి. గొంతు లేనిచోటే ఆ కూత ముందుకు రావాలి.

#5 హక్కుల_కాగితం

పొరలు వేరుగా వినిపించడానికి ఇంకో కారణం ఉంది, అది కోర్టులో మొదలైంది.

1991 డిసెంబర్‌లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు గ్రాండ్ అప్‌రైట్ కేసులో బిజ్ మార్కీకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. అనుమతి లేకుండా శాంపిల్, అంటే పాత రికార్డు నుంచి కోసిన ముక్క, వాడటం దొంగతనమే అన్నట్టు రాసింది. సరిగ్గా ఏడాదికి ‘క్రానిక్’ వచ్చింది. ఆ మధ్యకాలంలో శాంపిల్ ఖర్చు లెక్కలు మొత్తం మారిపోయాయి.

ఒక పాత రికార్డు ముక్క వాడాలంటే రెండు హక్కులు కొనాలి. మొదటిది మాస్టర్, అంటే ఆ రికార్డింగ్ మీద హక్కు, రికార్డు కంపెనీ దగ్గర ఉంటుంది. రెండోది పబ్లిషింగ్, అంటే స్వరరచన మీద హక్కు. అదే వరుసని మీ వాద్యకారులతో మళ్లీ వాయిస్తే మాస్టర్ హక్కు అక్కర్లేదు, పబ్లిషింగ్ ఒక్కటీ సర్దుకుంటే చాలు. డ్రే దీన్ని ఒక పద్ధతిగా మార్చాడు. కోలిన్ వుల్ఫ్ బాస్, కీబోర్డులు, ఇంకా గిటారిస్టులు, ఫ్లూట్‌కి కటీస్ బకింగ్‌హామ్. ‘జీ థాంగ్’ ప్రధాన వరుస లియాన్ హేవుడ్ 1975లో చేసిన పాటది, అందుకే రచయితల్లో హేవుడ్ పేరు ఉంటుంది. నేరుగా తీసిన శాంపిల్స్ కూడా ఆల్బమ్‌లో ఉన్నాయి, మొత్తం వాయించిందే అనుకోకండి.

డబ్బు సంగతి పక్కన పెడితే శబ్దానికి దక్కిన లాభం ఇది. రికార్డు మీద నుంచి లూప్ తీస్తే బాస్, గిటార్, డ్రమ్స్, సూది గరగర అన్నీ ఒకే ముద్ద. బాస్ పెంచుదామంటే కిక్ కూడా పెరుగుతుంది. మళ్లీ వాయిస్తే ఒక్కో వాద్యానికి ఒక్కో ట్రాకు. 1975 స్వరానికి 1992 బాస్ దొరుకుతుంది.

ఇక్కడ బీట్లు చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. ‘మళ్లీ వాయించాను కదా, ఎవరి అనుమతీ అక్కర్లేదు’ అనుకోవద్దు. పాట మొత్తాన్ని పాడే కవర్‌కి ఉన్న వెసులుబాటు, పాత వరుస మీద కొత్త మాటలు పెట్టే పాటకి అమెరికాలోనూ లేదు. మన కాపీరైట్ చట్టంలో 31-సి సెక్షన్ కవర్ వెర్షన్లకు దారి ఇస్తుంది గానీ, మొదటి రికార్డింగ్ జరిగిన ఏడాది ముగిశాక ఐదు క్యాలెండర్ సంవత్సరాలు గడవాలి, కనీసం 50,000 కాపీలకి రాయల్టీ ముందే కట్టాలి, సాంకేతికంగా తప్పనివి తప్ప మార్పులు చేయకూడదు. పాత తెలుగు సినిమా పాట పల్లవిని కీబోర్డ్ మీద వాయించి దాని మీద ర్యాప్ చేస్తే అది ఈ సెక్షన్ కిందికి రాదు. స్వరకర్త హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయో చూసుకుని అడగాల్సిందే.

#6 తాళం_తప్పదు

హక్కుల_కాగితం గారి మాటకి కొనసాగింపు: ఎన్.డబ్ల్యు.ఎ. పాట ఒకదానిలో వాడిన రెండు సెకన్ల ఫంకడెలిక్ గిటార్ ముక్క మీదే తర్వాత బ్రిడ్జ్‌పోర్ట్ కేసు నడిచింది. శ్రుతి తగ్గించి, 16 బీట్లకు సాగదీసినా వదల్లేదు. 2005లో ఆరో సర్క్యూట్ కోర్టు, లైసెన్స్ తీసుకోండి లేదా శాంపిల్ చేయకండి అని తేల్చేసింది. ఆ దారిలో ఉన్న గుంతని డ్రే ముందే చూశాడు.

#7 ఫంక్_ఫలకం

అందరూ డ్రే, డ్రే అంటున్నారు. అబవ్ ద లా బృందాన్ని ఎవరూ తలవరేం? ఆ బృందంలోని కోల్డ్ 187ఎమ్ అదే రూత్‌లెస్‌లో పార్లమెంట్ వరుసల మీద అలాంటి పాటలే కట్టాడు. వాళ్ల ఆల్బమ్ ‘బ్లాక్ మాఫియా లైఫ్’ 1993 ఫిబ్రవరిలో బయటికి వచ్చింది గానీ ఆ శబ్దం తనదే ముందని ఆయన ఎప్పటి నుంచో చెబుతున్నాడు. 1991 నాటి డీజే క్విక్ మొదటి ఆల్బమ్ వినండి, అందులోనూ ఆ ఫంక్ ఉంది. ఈ శైలికి పెట్టిన పేరే ‘జీ-ఫంక్’, దాన్ని ఒక్కడి ఖాతాలో రాయడం అన్యాయం.

#8 వినికిడి_వీధి

న్యాయమైన మాట. ‘బ్లాక్ మాఫియా లైఫ్’ వినకుండా ఈ చర్చ పూర్తి కాదు. అయితే రెండూ వెంటవెంటనే పెట్టి చూడండి. అబవ్ ద లా మిక్స్ దట్టంగా ఉంటుంది, గొంతు బీట్‌లో కలిసిపోతుంది. ‘క్రానిక్’లో గొంతు గాజు వెనక నిలబడ్డంత స్పష్టంగా ఉంటుంది. ఆలోచన ఎవరిది ముందు అనేది ఒక ప్రశ్న, మిక్స్ ఎవరిది గొప్ప అనేది ఇంకోటి. మొదటిదానికి మీ వాదన బలంగానే ఉంది. రెండోదానికి నా ఓటు డ్రేకే.

#9 తాళం_తప్పదు

డ్రమ్స్ గురించి ఇప్పటిదాకా ఎవరూ రాయలేదు కాబట్టి కొంచెం వివరంగా.

‘జీ థాంగ్’ వేగం నిమిషానికి 95 బీట్ల దగ్గర ఉంటుంది. అంటే ఒక బీట్ 632 మిల్లీసెకన్లు, అందులో నాలుగో వంతు 158. కంప్యూటర్‌లో గ్రిడ్ మీద హై-హ్యాట్లు పెడితే ప్రతి 158కి ఒకటి పడుతుంది, గడియారం టిక్కుటిక్కుమన్నట్టు. ఫంక్ డ్రమ్మర్ అలా వాయించడు. జంటలో రెండోదాన్ని కొంచెం ఆలస్యం చేస్తాడు. ఎంపీసీ60 అనే బీట్ యంత్రంలో దాని రూపకర్త రోజర్ లిన్ దానికే స్వింగ్ శాతం పెట్టాడు, 50 నుంచి 75 వరకు. 56 శాతం పెడితే రెండో హ్యాట్ 158 బదులు 177 దగ్గర పడుతుంది, అంటే 19 మిల్లీసెకన్ల ఆలస్యం. చెవి దాన్ని ఆలస్యంగా గుర్తించదు, మెడ గుర్తిస్తుంది. 62కి వెళ్తే 38 మిల్లీసెకన్లు, అప్పుడు నడక కుంటుతున్నట్టు ఉంటుంది. 66 దాటితే త్రిశ్రం అయిపోయింది, అది వేరే సంగీతం. ఈ తరహా బీట్‌కి 54-58 మధ్య తిరగండి.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, స్వింగ్ హ్యాట్‌కి మాత్రమే పెట్టి బాస్‌ని గ్రిడ్ మీద వదిలేస్తారు. రెండూ ఒకే చోట పడాల్సినప్పుడు 19 మిల్లీసెకన్ల తేడాతో రెండు దెబ్బలు వినిపిస్తాయి. బాస్‌కీ అదే స్వింగ్ ఇవ్వండి, లేదా చేత్తో వాయించి క్వాంటైజ్ చేయకుండా (గ్రిడ్‌కి సర్దకుండా) వదిలేయండి.

స్నేర్ డ్రమ్ 2, 4 బీట్ల మీద. పైన చప్పట్ల పొర వేస్తే దాన్ని 8-10 మిల్లీసెకన్లు వెనక్కి జరపండి, వెడల్పు వస్తుంది. రెండు స్నేర్లు కలిపినప్పుడు శబ్దం పలచబడితే వాల్యూమ్ పెంచకండి, ఒకదాని పొలారిటీ తిప్పి చూడండి. రెండు తరంగాలు ఒకదాన్నొకటి తినేస్తున్నాయన్నమాట.

డ్రమ్స్ ఎక్కడి నుంచి వచ్చాయో కూడా వినదగ్గది. ‘లెట్ మీ రైడ్’లో బిల్ విదర్స్ ‘కిసింగ్ మై లవ్’లో జేమ్స్ గ్యాడ్సన్ వాయించిన డ్రమ్స్ ఉన్నాయి. 11వ ట్రాకులో లెడ్ జెప్లిన్ ‘వెన్ ద లెవీ బ్రేక్స్’లోని జాన్ బోనమ్ డ్రమ్స్. అవి హెడ్లీ గ్రేంజ్ అనే పాత ఇంట్లో మెట్ల హాలులో రికార్డ్ చేసినవి, డ్రమ్స్ కింద, మైకులు పైన. ఆ గది ప్రతిధ్వని శాంపిల్‌తో పాటే కాంప్టన్ దాకా వచ్చింది. ఏ రివర్బ్ ప్లగిన్‌తోనూ దాన్ని తిరిగి కట్టలేం. కొన్ని చోట్ల మళ్లీ వాయించడం, కొన్ని చోట్ల నేరుగా శాంపిల్ తీసుకోవడం ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. వరుసని మళ్లీ వాయించొచ్చు, గదిని వాయించలేం.

#10 డిక్కీ_సబ్‌వూఫర్

ఈ ఆల్బమ్ కారు కోసం కట్టింది. లాస్ ఏంజిలిస్‌లో 1964 ఇంపాలా లాంటి లోరైడర్ కార్లు హైడ్రాలిక్స్‌తో లేస్తూ దిగుతూ నెమ్మదిగా వెళ్తాయి, వీడియోల్లో అవే కనిపిస్తాయి. 95 బీట్ల పాటకి ఆ వేగం అతికినట్టు సరిపోతుంది.

భౌతికశాస్త్రం కూడా తోడవుతుంది. 50 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 6.9 మీటర్లు. కారు లోపలి పొడవు 2.8 మీటర్లు అనుకుంటే, దానికి రెట్టింపు పొడవున్న తరంగం సుమారు 61 హెర్ట్జ్. అంతకు కింద అద్దాలన్నీ మూసిన క్యాబిన్ తనే బాస్‌ని పెంచుతుంది. ఇంట్లో సన్నగా తోచిన బాస్ కారులో ఒళ్లంతా తాకేది అందుకే.

వినేటప్పుడు జరిగే తప్పులు: హెడ్ యూనిట్‌లో (కారు స్టీరియో) బాస్ బూస్ట్, ఆంప్లిఫయర్‌లో ఇంకో బాస్ బూస్ట్, ఫోన్‌లో ఈక్వలైజర్. మూడూ తీసేయండి. సబ్‌వూఫర్‌కి లో-పాస్ 80 హెర్ట్జ్, డోర్ స్పీకర్లకి హై-పాస్ 80. తర్వాత సబ్ పొలారిటీని ఒకసారి తిప్పి, డ్రైవర్ సీట్లో ఎటు బాస్ గట్టిగా వస్తే అటు ఉంచండి. నంబర్ ప్లేటు గరగరలాడితే వెనకాల ఫెల్ట్ టేప్ అంటించండి, ఆ గరగర ముందు ఎంత ఖరీదైన సబ్ కూడా నిలవదు.

పరీక్షకి ‘లెట్ మీ రైడ్’ పెట్టండి. బాస్‌లో ఒక్కో స్వరం వేరువేరుగా తెలియాలి. అన్నీ ఒకే ‘ధుమ్’గా వస్తుంటే పెట్టె ఒక ఫ్రీక్వెన్సీ దగ్గరే మోగుతోంది, పాటది తప్పు కాదు.

#11 కావేరి_గొంతు

బాస్, స్వింగ్ అన్నీ బాగున్నాయి. మాటల గురించి ఎవరూ రాయకపోవడం బాధగా ఉంది.

ఈ ఆల్బమ్ చివరి ట్రాకు ఆడవాళ్ల గురించి ఏం చెబుతుందో అందరికీ తెలుసు. పేరు కూడా రాయాలనిపించదు. ఆ పాట బాస్ వరుస ఆల్బమ్‌లోకెల్లా ఇంపైనవాటిలో ఒకటి, సమస్య అక్కడే ఉంది. ఇంపైన వరుస మీద ఎక్కిన మాట అడ్డు లేకుండా లోపలికి దిగుతుంది. ఇది ఊహాలోకపు క్రూరత్వం మాత్రమే అని సర్దిచెప్పడానికీ లేదు. 1991 జనవరిలో పాత్రికేయురాలు డీ బార్న్స్ మీద డ్రే చేయి చేసుకున్నాడు, కోర్టులో నేరాన్ని కాదనలేదు, జరిమానా, ప్రొబేషన్, సమాజసేవ పడ్డాయి. తాను బాధపెట్టిన ఆడవాళ్లకు ఆయన బహిరంగంగా క్షమాపణ చెప్పింది 2015లో. ఆల్బమ్ గొప్పదనం గురించి ఎంత రాసినా ఈ రెండు తేదీలు దాని పక్కన ఉండాల్సిందే.

మరో మాట కూడా. ఈ ఆల్బమ్‌లో ఆడవాళ్లు కేవలం తిట్టించుకున్నవాళ్లు కాదు. 14వ ట్రాకులో లేడీ ఆఫ్ రేజ్ అనే ర్యాపర్ వచ్చే చోటు వినండి. కరప్ట్, ఆర్‌బీఎక్స్, స్నూప్ డాగ్ లాంటి ర్యాపర్లందరూ ఉన్న పాటలో ఆమె గొంతు దిగగానే గది నిశ్శబ్దమవుతుంది. ఊపిరి ఎక్కడ తీసుకుందో పట్టుకోవడం కష్టం. గాయని జ్యువెల్ పాడిన భాగాలు కూడా అంతే. జీ-ఫంక్ గురించి రాసిన జాబితాల్లో ఈ ఇద్దరి పేర్లు ఎన్నిటిలో కనిపిస్తాయో లెక్కపెట్టండి.

#12 వినికిడి_వీధి

కావేరి గారూ, మీరు రాసింది ఈ థ్రెడ్‌కి అవసరం. నా మొదటి పోస్టులో శబ్దం సంగతి మాత్రమే అడగడం పొరపాటు.

మాటల వైపు నాకు తోచింది ఒకటి కలుపుతాను. 4వ ట్రాకు 1992 అల్లర్ల గురించి. రాడ్నీ కింగ్ అనే నల్లజాతి వ్యక్తిని కొట్టిన కేసులో నలుగురు పోలీసులని సిమీ వ్యాలీ జ్యూరీ ఏప్రిల్ 29న దోషులు కాదన్నాక లాస్ ఏంజిలిస్ ఐదారు రోజులు కాలింది. 60 మందికి పైగా చనిపోయారు, నష్టం 100 కోట్ల డాలర్ల దాకా ఉంటుందన్నారు. ఆ రోజుల్లో వీధుల్లో చిత్రించిన డాక్యుమెంటరీ గొంతులు ఈ పాటలో వినిపిస్తాయి. దాని వెంటనే 5వ ట్రాకుగా ‘జీ థాంగ్’ వస్తుంది. కాలిపోతున్న ఊరు, ఆ వెంటనే ఎండలో విందు. ఈ రెండింటినీ ఇలా పక్కపక్కన పెట్టడం వల్లే ఆ విందు తేలిక పాటలా మిగలలేదని నేను అనుకుంటాను. షఫుల్‌లో వింటే ఇది పోతుంది.

7వ ట్రాకు ‘లిల్ ఘెట్టో బాయ్’ కూడా. డానీ హాథవే 1972 లైవ్ పాటని కింద పెట్టి, జైలు నుంచి వచ్చినవాడి కథ చెబుతుంది. పైన ఫ్లూట్. ఆల్బమ్‌లో విచారం దాచుకోని చోటు అదొక్కటే.

#13 ఛందోబద్ధం

స్నూప్ గొంతు గురించి కొంచెం. డ్రే ప్రతి బీట్ మీదా కాలు మోపి మాట్లాడతాడు, మాట బరువుగా పడుతుంది. స్నూప్ బీట్‌కి కాస్త వెనక నడుస్తాడు, గుసగుసకీ పాటకీ మధ్య. ఒకే పాటలో ఇద్దరూ మారుతుంటే తాళం మారనట్టే ఉన్నా నడక మారుతుంది. డ్రే తన మాటలు చాలావరకు తానే రాసుకోలేదన్నది రహస్యం కాదు. 1989 కారు ప్రమాదంలో గొంతు దెబ్బతిన్న ర్యాపర్ ది డీఓసీ, స్నూప్ తదితరులు రాశారు. దీన్ని లోపంగా చూసేవాళ్లున్నారు. నేను అలా చూడను. సినిమా దర్శకుడు సంభాషణలు రాయించుకున్నట్టు, ఏ మాట ఏ గొంతులో ఎలా పలకాలో డ్రే నిర్ణయించాడు.

ఇది తెలుగులో ప్రయత్నించేవాళ్లకు ఒక లెక్క. 95 బీట్ల దగ్గర ఒక బార్‌లో (నాలుగు బీట్ల ఆవృత్తం) 16 చిన్న గళ్లు, ఒక్కోటి 158 మిల్లీసెకన్లు. లఘువుకి ఒక గడి, గురువుకి రెండు అనుకుంటే ఒక బార్ 16 మాత్రలు, నాలుగు చతుర్మాత్రా గణాలు. 16 బార్ల చరణం 40 సెకన్లు. పదాలతో 16 మాత్రలూ నింపేయడమే మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. ఊపిరికి చోటుండదు, స్నూప్‌లా వెనక నడవడానికి జాగా ఉండదు. 12-13 మాత్రలు రాసి మిగతాది మౌనానికి వదలండి. గురజాడ ముత్యాల సరంలో పాదానికి 14 మాత్రలు కాబట్టి రెండు మాత్రలు విరామమిస్తే బార్‌లో కూర్చుంటుంది. కానీ దాని లోపలి నడక 3+4, బీట్‌ది 4+4, అందుకే రెండో గణం నుంచీ ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడిని కావాలని వాడుకుంటే బాగుంటుంది, తెలియక చేస్తే తాళం తప్పినట్టుంటుంది.

ప్రాస విషయంలో ఇంగ్లీషు ర్యాప్‌ని చూసి అంత్యప్రాస ఒక్కటే పట్టుకోకండి. ద్వితీయాక్షర ప్రాస మన చెవికి పుట్టుకతో వచ్చింది. ఊనిక పడే బీట్ మీద అది పడేలా చూస్తే పాదం చివర ఏ అక్షరం ఉన్నా నిలబడుతుంది.

#14 సీడీ_అరమర

ఏ కాపీ వినాలి అని కొందరు మెసేజ్‌లో అడిగారు. మాస్టరింగ్ బెర్నీ గ్రండ్‌మన్ దగ్గర జరిగింది. 90ల సీడీ దొరికితే అదే ముందు. ఇప్పటి పాటల పక్కన శబ్దం తక్కువగా అనిపిస్తుంది, వాల్యూమ్ పెంచండి, స్నేర్ ఎంత ఎగురుతుందో చూడండి. 2009లో ‘రీ-లిట్’ పేరుతో వచ్చిన రీమాస్టర్‌లో విడుదల కాని పాటలు, డీవీడీ ఉన్నాయి గానీ, దాని డిజిటల్ అమ్మకాల మీద డ్రే కోర్టుకెళ్లి 2011లో గెలిచాడు.

వినైల్ రికార్డు కొనేవాళ్లు ఒక్క లెక్క చూసుకోండి. 62 నిమిషాలని నాలుగు వైపులకి పంచితే వైపుకి 16 నిమిషాల లోపు. రెండు వైపులకి కుదిస్తే 31. గాడి సన్నబడి, బాస్ తగ్గించి కోయాల్సి వస్తుంది. ఈ సంగీతంలో బాస్ తగ్గాక మిగిలేది సగమే.

స్ట్రీమింగ్‌లో 2015లో యాపిల్ మ్యూజిక్‌లో వచ్చింది, 2022లో మాయమైంది, 2023 ఫిబ్రవరి 1 నుంచి ఇంటర్‌స్కోప్ ద్వారా మళ్లీ అన్నిచోట్లా ఉంది. యాప్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ (పాటల గట్టిదనాన్ని సమం చేసే అమరిక) ఎంచుకునే వీలుంటే ‘ఆల్బమ్’ అని పెట్టండి. ‘ట్రాక్’ అని ఉంటే మధ్యలో వచ్చే మాటల స్కిట్లు కూడా పాటలంత గట్టిగా మోగుతాయి.

#15 కొత్త_చెవి

మూగ్_తంత్రి గారూ, గ్లైడ్ ‘స్థిర సమయం’కి మార్చగానే కూత కుదిరింది. ఇప్పుడు కిక్, బాస్ కలిసి బురదగా ఉన్నాయి. ఏది తగ్గించాలి?

#16 మూగ్_తంత్రి

తగ్గించే ముందు రెండూ ఏ ఫ్రీక్వెన్సీ మీద ఉన్నాయో చూడండి. బాస్ గిటార్ కింది ‘ఇ’ 41 హెర్ట్జ్, ‘ఎ’ 55. మీ కిక్ కూడా 55 మీదే మోగుతుంటే పాట ‘ఎ’లో ఉన్నంతసేపూ కొట్లాటే. కిక్ శాంపిల్‌ని రెండు మూడు సెమీటోన్లు పైకి ట్యూన్ చేయండి. తర్వాత కిక్ తోకని 200 మిల్లీసెకన్లకి కోసేయండి. 95 బీట్ల దగ్గర అరబీట్ 316 మిల్లీసెకన్లు, కిక్ అంతకు ముందే ముగిస్తే బాస్‌కి దారి దొరుకుతుంది. ఇవి చేశాక కూడా బురద ఉంటే అప్పుడు 200-300 హెర్ట్జ్ మధ్య బాస్‌లో 3 డెసిబెల్స్ తీయండి.

స్టీరియో తీసేసి మోనోలో, చిన్న స్పీకర్‌లో, తక్కువ వాల్యూమ్‌లో బాస్ వరుస పాడుకోగలిగేంత తెలుస్తోందా చూడండి. తెలియకపోతే బాస్‌కి కొంచెం డిస్టార్షన్ కలపండి, పై హార్మోనిక్స్ పుడతాయి, ఫోన్ స్పీకర్ కూడా వాటిని పలికిస్తుంది. అది కుదిరాక ఆ ఫైల్‌ని డిక్కీ_సబ్‌వూఫర్ గారికి పంపండి, కారులో ఎలా ఉందో ఆయన చెప్తారు.